గడిచిన ఏడు రోజులు

"ఇంటిపని అని రాయండమ్మా, సరిపోతుంది," అన్నారు ఆయన మూడోసారి.

"ఎందుకు సరిపోతుందిరా? ఇంటిపని చేస్తూనే ఉంది, కాదనను. మరి ఈ ఫ్యాన్లకి తీగ చుట్టడం మాటేమిటి?" కుర్చీలోంచి కదలకుండా అడిగింది మా అత్తయ్య.

"చుట్టేది నేను. తను సాయం పడుతుంది, అంతే."

"ఎవరూ, నువ్వా?"

అత్తయ్య ఆ రెండు మాటలూ గట్టిగా కూడా అనలేదు. చెంబులో నీళ్లున్నాయా అని అడిగినట్టు అంది. అయినా ఆయన మొహం పాలిపోయింది. జనం ఏయే పనులు చేసుకుని బతుకుతున్నారో రాసుకోవడానికి వచ్చిన అమ్మాయి (మేమంతా అప్పటికే ఆమెకి లెక్కలమ్మాయి అని పేరు పెట్టేశాం) ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని ఒకసారి ఆయన వంకా, ఒకసారి నా వంకా చూసింది. గడిచిన ఏడు రోజుల్లో ఇంట్లో ఒక్కొక్కరు ఏ రోజు ఏ పని ఎన్ని గంటలు చేశారో చెప్పాలట. ఒక గడి నింపకపోతే ఆ యంత్రం రెండో గడికి కదలదట. "మీరు మీలో మీరు అనుకుని ఉంచండి సార్. ఈలోగా పై వాటావాళ్ల ఇల్లు చూసుకుని గంటలో వచ్చేస్తాను," అని లేచింది పాపం, చెప్పుల్లో కాళ్లు సరిగ్గా దూర్చకుండానే. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినపడుతుండగా మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేను ఎవరి మొహంలోకీ చూడలేదు. రేపటికి ఇవ్వాల్సిన ఫ్యాన్ ఉందని చెప్పి కర్టెన్ తప్పించుకుని లోపలిగదిలోకి వచ్చేశాను.

నాలుగు దాటి అయిదు నిమిషాలు. ఆరింటికి శిక్షణ కేంద్రం మేడమ్ ఫోన్ చేస్తుంది. ఆడపిల్లలకి మోటారు వైండింగ్ నేర్పడానికి మనిషి కావాలి, ఒకటో తారీఖు నుంచి రాగలరా, శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి అంది. ఈరోజే శుక్రవారం. నాలుగు రోజులుగా ఆ మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. రానని చెప్పడానికి ఎన్నో కారణాలు వరసగా పేర్చుకున్నాను గానీ అసలు కారణం ఒక్కటే. నేను రోజూ పొద్దున బయటికి వెళితే, మా ముందుగదిలోని ఈ ఫ్యాన్ల రిపేరు షాపులో ఇన్నాళ్లూ తీగ చుట్టింది ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. చెక్క అచ్చు బిగించి, రాగి తీగ కొస తీసి గాటులో ఇరికించి, ఎడమచేతి వేళ్ల మధ్య తీగని అదిమిపట్టి పిడి తిప్పడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది చుట్టలకి మూడు అయ్యాయి. ఇది నాలుగోది. ఒక్కో చుట్టకి మూడు వందల ఎనభై చుట్లు. మిషనుకి లెక్క చూపించే ముల్లు ఉండేది, అది ఎప్పుడో విరిగింది. చుట్టు తిరిగినప్పుడల్లా టిక్కుమనే రేకుముక్క మాత్రం మిగిలింది. ముల్లు వేయించుకోండి అని ఆయనతో ఎన్నిసార్లు అన్నానో. లెక్క నోట్లో ఉండాలి గానీ మిషనులో ఎందుకంటారు. ఆ నోరు నాదే కదా, ఆయనకేం. పద్దెనిమిది, పంతొమ్మిది.

బల్ల మీద పరిచింది పోయిన ఆదివారం పేపరు. వార్నీషు కారకుండా వేశాను. సరిగ్గా నా మోచేతి కింద ఆ గుండ్రటి బొమ్మ ఉంది, అయిదు రంగుల్లో ముక్కలు కోసి, దేశంలో పనిచేసేవాళ్లు ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో చూపించే బొమ్మ. ఆదివారం మా అమ్మాయి అది పైకి చదివింది. వందమందిలో నలభై ఒక్కరు పొలాల్లో, పదముగ్గురు ఫ్యాక్టరీల్లో, పన్నెండుమంది ఇళ్లూ రోడ్లూ కట్టే పనుల్లో, పదిహేనుమంది కొట్లలో, హోటళ్లలో, పద్దెనిమిదిమంది ఆఫీసులూ బళ్లూ ఆస్పత్రులూ వగైరా. అత్తయ్య వేళ్ల మీద కూడుకుని, తొంభై తొమ్మిదేగా వచ్చారు, మిగిలిన ఆ ఒక్కరూ ఏమయ్యారే అంది. అరలూ పావులూ కొట్టేస్తారు నానమ్మా, దాన్ని సర్దుబాటు అంటారని అది చెప్పింది. "మనిషిని సర్దుబాటులో కొట్టేస్తారా, చోద్యం," అని రోజంతా గొణిగింది అత్తయ్య. సాయంత్రం కూడా ఉన్నట్టుండి, దొరికిందా ఆ మనిషి అని అడిగింది. మేం ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వితే భుజాలు కదులుతాయి గానీ శబ్దం రాదు. అరవై మూడు, అరవై నాలుగు.

ఆ ముక్కల్లో ఆకుపచ్చది అన్నిటికన్నా పెద్దది. అందులో నలభై ఒక్కరుంటే ఒకరు మా అత్తయ్యే అనిపిస్తుంది నాకు, చెరిగిపోని మరకలా. ఇప్పుడు పొలమూ లేదు, పొలంలో దిగే మోకాళ్లూ లేవు. కానీ ఇప్పటికీ మబ్బు పడితే ముందు ఆవిడకే తెలుస్తుంది, బట్టలు తీయండి అని కేకేస్తుంది. ఒకసారి వంటింట్లో కూరగాయలు తరుగుతూ చెప్పింది, అది నాకు పెళ్లయిన కొత్తలో. చాలా ఏళ్ల కిందట ఇలాగే లెక్కలు రాసుకునేవాడు ఒకడు వాళ్ల గుమ్మంలోకి వచ్చాడట. మా మామగారు మంచం మీద కూర్చుని చెబుతున్నారట. నేను సేద్యం, మా తమ్ముడు సేద్యం, మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది అని. ఆ ముక్క అనే సరికి ఈవిడ మోకాళ్ల దాకా బురదతో దొడ్డిదారిన లోపలికి వస్తోందట. ఆ వచ్చినవాడు ఈవిడ కాళ్ల వంక చూసి, మళ్లీ కాగితం వంక చూసి, ఇంట్లోనే అని రాసుకున్నాడట. అప్పుడు మీరేమన్నారు అత్తయ్యా అంటే, ఏమంటాను, కాళ్లు కడుక్కుని అన్నం వార్చాను అంది. కోపంగా అనలేదు. వంకాయ తొడిమ తీసేసినంత తేలిగ్గా అంది. ఆ బురద కాళ్లు ఇన్నాళ్లు ఆవిడ మనసులో ఆరకుండా ఉన్నాయని నాకేం తెలుసు? నా గురించి అంతలా పట్టుబడుతోందని మురిసిపోవాలో, కన్నకొడుకు మొహం అలా పాలిపోయేట్టు చేసిందని నొచ్చుకోవాలో తెలియలేదు. ఆవిడ పోట్లాడింది నా కోసం ఒక్కదాని కోసమే కాదు. నూట పది. వేలికి తీగ కాస్త వెచ్చగా తగులుతోంది. నూట పదకొండు.

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. ఆయన లేచారో, సర్దుకుని కూర్చున్నారో. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మామూలుగా ఈ వేళకి ఆయన ఎవరో ఒకరితో కబుర్లలో పడి ఉంటారు. ఫ్యాన్ తెచ్చినవాళ్లని ఊరికే వదలరు. మీ ఇంట్లో ఎన్ని గదులు, కిటికీ ఎటువైపు, పిల్లలు ఫ్యాను రెక్కలకి ఏమైనా విసురుతారా అని పావుగంట కూర్చోబెట్టి, తీరా నన్ను పిలిచి ఆ సామాను లోపల పెట్టించేసరికి వాళ్లు చెమటలు తుడుచుకుంటూ ఉంటారు. నాకు విసుగే ఆ అలవాటు. ఊళ్లోవాళ్లకి మాత్రం మాస్టారంటే ప్రాణం. మాస్టారి చేతిలో పడితే ఫ్యాను పదేళ్లు తిరుగుతుందంటారు. ఆ మాట కర్టెన్ వెనక నుంచి వింటూ నేను తీగ తిప్పుతుంటాను. ఒట్టేసి చెప్పగలను, ఒక్కనాడు కూడా నాకు కడుపు మండలేదు. పోన్లే, మనిషి మొహంలో వెలుగు ఉంది కదా అనుకున్నాను. కానీ ఈ మధ్య, అంటే మేడమ్ ఫోన్ చేసినప్పటి నుంచి, ఆ మాట వినపడితే చెయ్యి ఒక క్షణం ఆగుతోంది. నూట నలభై. లేదు, నూట నలభై ఒకటి.

పదముగ్గురు. ఆ ఎర్ర ముక్క ఎంత సన్నగా ఉందో, అందులో మా వరస అంతా పట్టదు. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో మా వరసలో ఇరవై ఇద్దరం ఆడపిల్లలం, తలొక మిషను, అందరి పెదాలూ కదులుతూ ఉండేవి. చూసినవాళ్లు జపం అనుకునేవారు. పక్కదాని లెక్క చెవిన పడితే మన లెక్క పోతుంది, అందుకని ఎవరికి వారు లోలోపలే. ఆయన అవతలి షెడ్డులో పెద్ద మోటార్లు చుట్టేవారు. పని లేకపోయినా రోజుకి రెండుసార్లు మా వరస పక్కనుంచి వెళ్లేవారు, చేతిలో ఎప్పుడూ ఒక స్పానరు, ఏదో పని మీద పోతున్నట్టు. ఒకరోజు నా బల్ల దగ్గర ఆగి, నీ మిషను బేరింగు ఏడుస్తోంది, వినపడలేదా అన్నారు. నాకు వినపడలేదు. నాకే కాదు, ఎవరికీ వినపడలేదు. విప్పి చూస్తే నిజంగానే బేరింగులో చిన్న గీత. ఆరోజు రెండు వందల పన్నెండు దగ్గర లెక్క పోగొట్టుకున్నాను, మొత్తం విప్పి మళ్లీ చుట్టాల్సి వచ్చింది, మేస్త్రీ తిట్టాడు. నా పక్కమ్మాయి, మేమందరం దాన్ని గొణుగుడు అనేవాళ్లం, లెక్కపెట్టకుండా నా వంక చూసి ఒకటే నవ్వు. ఆ గొణుగుడు ఇప్పుడెక్కడుందో, ఏ రంగు ముక్కలో ఉందో. మా అమ్మాయి కడుపులో పడ్డాక నేను మానేశాను. వార్నీషు వాసన పడేది కాదు. రిజిస్టరులో నా పేరు మీద గీత కొట్టారు. అంటే ఆ ఎర్ర ముక్కలోంచి నన్ను తీసేశారన్నమాట. తీసి ఎక్కడ వేశారు? ఆ బొమ్మలో ఇంట్లో ఉన్నవాళ్లకి రంగే లేదు. తెల్లగా మిగిలిన అంచు మీద, పేపరుకీ బొమ్మకీ మధ్య ఖాళీలో కాబోలు.

నూట తొంభై. కాదు, రెండు వందల పైనే అయి ఉంటుంది. నోరు తన పని తను చేసుకుపోతోంది, నేను ఎక్కడెక్కడో తిరిగి వస్తున్నాను.

ఆరేళ్ల కిందటి మాట. ఫ్యాక్టరీ మూసేశాక ఆయన ఈ ముందుగదిలోనే షాపు పెట్టుకున్నారు, బాగానే నడిచేది. ఉన్నట్టుండి ఒక వేసవిలో తీగలు తెగడం మొదలైంది. వెంట్రుక లాంటి తీగ కదా, ఎంత గట్టిగా పట్టుకోవాలో వేళ్లే చెప్పాలి. ఆయన వేళ్లు చెప్పడం మానేశాయి. కాఫీ గ్లాసు ఎంత వేడిగా ఉందో కూడా తెలిసేది కాదు, చూపుడువేలు మీద బొబ్బ లేస్తే తప్ప. డాక్టరు నరాలన్నాడు, మందులిచ్చాడు, వాటి వల్ల నిద్ర పట్టింది గానీ వేళ్లకి మాత్రం ఏమీ తెలిసిరాలేదు. ఒక మధ్యాహ్నం వరసగా మూడుసార్లు తీగ తెగింది. మూడోసారి తెగాక ఆయన రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి వాటి వంకే చూస్తూ కూర్చున్నారు, పరాయివాళ్ల చేతుల్ని చూసినట్టు. నేను పొయ్యి మీద పాలు దింపి, చేతులు తుడుచుకుని వచ్చి, ఆయన పక్క ముక్కాలిపీట లాక్కుని కూర్చుని పిడి అందుకున్నాను. పదిహేడేళ్ల తర్వాత. మొదటి నాలుగు చుట్లూ వంకరపోయాయి, అయిదోదానికి చెయ్యి దారిలో పడింది. మర్నాడు మిషను లోపలిగదిలోకి మారింది. ఆ మర్నాడు గుమ్మానికి కర్టెన్ వచ్చింది, మా అమ్మాయి పాత దుప్పటితో కుట్టింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, అయినా ఇంట్లో అందరం తు.చ. తప్పకుండా పాటించాం. ఇదేం గుట్టు, ఇదేం సంసారం అని ఒక్కోసారి నాలో నాకే నవ్వొస్తుంది. నలుగురం కలిసి దేశం మొత్తం మీద ఒక్క మనిషిని దాచిపెట్టాం. ఆ వందలో తగ్గినదాన్ని నేనేనేమో అత్తయ్యా అని ఆదివారం అందామనుకుని, నాలిక్కరుచుకున్నాను.

ఇప్పుడు వెళితే ఏమవుతుంది? పొద్దున్నే ఎవరో ఫ్యాను తెస్తారు. ఆయన తీసుకుంటారు, చెవి దగ్గర పెట్టుకుని చేత్తో తిప్పి, ఇది కండెన్సరు కాదు, కాలింది లోపలి తీగ అని చెబుతారు. ఎప్పటికిస్తారు మాస్టారూ అని అడుగుతారు. అప్పుడు? ఆ ప్రశ్న దగ్గర నా ఆలోచన నాలుగు రోజులుగా అలాగే ఆగిపోతోంది, తడిసిన అగ్గిపుల్లలా. వెళ్లకపోతే? వెళ్లకపోతే ఏమీ అవదు. ఎప్పటిలాగే ఎనిమిది చుట్టలు, మూడు వందల ఎనభై. మేడమ్ ఇంకెవరినో వెతుక్కుంటుంది. కానీ ఆ అమ్మాయిలు పన్నెండుమంది అట, మేడమ్ ఫోటో పంపింది, కొత్త బల్లల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు. ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య తీగ ఎలా జారాలో వాళ్లకి ఎవరు చెబుతారు? పుస్తకంలో అది ఉండదు. చేతిని చేత్తో పట్టుకుని చూపించాలి. నిన్న స్నానం చేస్తూ, మొదటిరోజు ఏం చెప్పాలో పైకే చెప్పుకుంటున్నాను. అమ్మా ఎవరితో మాట్లాడుతున్నావని తలుపు కొట్టింది మా అమ్మాయి. సబ్బు కింద పడిందన్నాను. అది నమ్మలేదు. రోజుకి వందమంది అబద్ధాలు ఫోన్లో వింటుంది, నా ఒక్క అబద్ధం దాని దగ్గర ఆగుతుందా. దాని కంపెనీ ఫ్రిజ్‌లు, మిక్సీలు అమ్ముతుంది. చెడిపోతే అందరూ దీనికి ఫోన్ చేసి తిడతారు. అదేమో మెత్తగా, మీ ఇబ్బంది అర్థమైందండీ, ఒకసారి ప్లగ్గు తీసి మళ్లీ పెట్టి చూడండీ అంటుంది. ఇంట్లో వాళ్ల నాన్న కోపంగా ఉంటే కూడా అదే గొంతుతో, మీ ఇబ్బంది అర్థమైందండీ అంటుంది, ఆయన కోపం అక్కడికక్కడే దిగిపోతుంది. పద్దెనిమిదిమందిలో అదొకతి, నీలం రంగు ముక్క. సాయంత్రం ఏడింటికి డ్యూటీకి బయల్దేరుతుంది, ఇంకా జడ వేసుకున్నట్టు లేదు, ఈ గొడవలో.

నా చెయ్యి ఆగిపోయింది.

ఎంత? నోట్లో అంకె లేదు. రెండు వందల యాభై అన్నట్టు గుర్తు, అది ఈ చుట్టలోనా, ఇందాకటి దానిలోనా? తీగ వేళ్ల మధ్య బిగిసి ఉంది. వదిలితే సడలుతుంది. ఇన్నేళ్లలో నేను లెక్క పోగొట్టుకోలేదు, ఆయన స్పానరు పట్టుకుని నా బల్ల దగ్గర ఆగిన ఆ ఒక్కరోజు తప్ప. ఇప్పుడు విప్పి మళ్లీ మొదలుపెట్టాలి, తీగ మీద పూత గీసుకుపోతుంది, కొత్త తీగ వాడాలి. కళ్లలోకి నీళ్లొచ్చాయి. తీగ కోసం కాదని నాకు తెలుసు.

"రెండు వందల డెబ్బై ఆరు," అన్నారు ఆయన, కర్టెన్ అవతల నుంచి.

నాకు అర్థం కాలేదు. "ఏమిటీ?"

"రెండు వందల డెబ్బై ఆరు అయ్యాయి. ఇంకా నూట నాలుగు."

"మీరెందుకు లెక్కపెడుతున్నారు?"

"టిక్కు టిక్కుమంటుంటే చెవిన పడుతుంది కదా."

"ఈరోజేనా?"

కుర్చీ మళ్లీ కిర్రుమంది. "నువ్వు కూర్చున్న రోజు నుంచీ," అన్నారు. అత్తయ్యకి వినపడకూడదనుకున్నారో ఏమో, గొంతు తగ్గించి, "వేళ్లు పోయాయి గానీ చెవులు పోలేదుగా," అన్నారు.

ఆరేళ్లలో ఆయన నోటి వెంట ఆ వేళ్ల మాట రావడం అదే మొదలు. నేను తీగ వదలకుండా అలాగే కూర్చుండిపోయాను. ఆరేళ్లు అంటే ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని చుట్టలు, ఎన్ని వేల వేల చుట్లు, అన్నిటినీ నాతోపాటు గోడ అవతల కూర్చుని లోలోపల లెక్కపెట్టిన మనిషి. టీ గ్లాసు ఎప్పుడూ ఒక చుట్ట అయిపోయి చెయ్యి ఖాళీ అయిన క్షణానే కర్టెన్ కిందనుంచి లోపలికి వచ్చేది. మా ఆయనకి టీ వేళ బాగా తెలుసు అనుకునేదాన్ని. ఫ్యాను తెచ్చినవాళ్లని కిటికీలూ గదులూ అని పావుగంట కూర్చోబెట్టడం కూడా, నా చుట్ట మధ్యలో ఆగకూడదని అన్నమాట. దాన్ని నేను వాగుడు అనుకున్నాను, ఒకటి రెండుసార్లు మొహం మీదే అన్నాను కూడా. అప్పుడైనా చెప్పొచ్చు కదా. చెప్పరు. చెబితే ముందు ఆ వేళ్ల గురించి చెప్పాలి. తడి కళ్లతోనే నవ్వొచ్చింది. నేనొకదాన్నే దాక్కున్నాననుకున్నాను గానీ, కర్టెన్‌కి అవతలివైపు కూర్చున్న మనిషి కూడా దాక్కునే ఉన్నారు, నాకన్నా ఇరుకైన చోట. నేను ఆయన్ని కాపాడుతున్నాననుకుంటూ, ఆయన చేసే పనేమిటో ఆయన్ని చెప్పుకోనివ్వలేదు.

రెండు వందల డెబ్బై ఏడు, అన్నాను పైకే. డెబ్బై ఎనిమిది. నూట నాలుగూ పైకే లెక్కపెట్టాను, మా వరసలో ఎవరమూ ఎప్పుడూ చేయని పని. మూడు వందల ఎనభై దగ్గర తీగ కత్తిరించి ముడివేసి, చుట్టని తీసి మిగతా మూడింటి పక్కన పెట్టేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు.

నేను ముందుగదిలోకి వచ్చేసరికి లెక్కలమ్మాయి ట్యాబ్ తెరిచి కూర్చుంది. మా అమ్మాయి గోడకి ఆనుకుని జడ అల్లుకుంటోంది. ఆయన లేచి నిలబడ్డారు, ఎందుకో. బళ్లో పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడ్డట్టు.

"రాసుకోండమ్మా. వైండింగ్ పని తనది. రోజుకి ఆరు గంటలు, మంగళవారం ఏడు, ఆదివారం రెండు. నేను చుట్టను. ఆరేళ్లయింది," అన్నారు.

అత్తయ్య చీరకొంగు సర్దుకుంది. చాలా సేపు సర్దుకుంది.

"మరి మీరేం చేస్తారు సార్?"

"పాడైంది ఎక్కడో వింటాను. విప్పుతాను, బిగిస్తాను. వచ్చినవాళ్లతో మాట్లాడతాను." నా వంక చూసి, "లెక్కపెడతాను," అన్నారు.

లెక్కలమ్మాయికి ఆ చివరి మాట ఏ గడిలో వెయ్యాలో తెలియలేదు. "అయితే ఆంటీగారిని యజమాని అని వేసి, మిమ్మల్ని సహాయకులు అని వేయమంటారా?"

"వేసేయండి," అన్నారు ఆయన.

"అక్కర్లేదు," అన్నాను నేను. "ఇద్దరిదీ సొంత పని అని వేయడానికి లేదా?"

"ఉందండీ, ఇద్దరికీ అదే వేయొచ్చు," అంది ఆ పిల్ల, హమ్మయ్య అన్నట్టు. రెండుసార్లు వేలితో తాకింది. యంత్రం ముందుకు కదిలింది.

"నన్ను దాటేశావేం?" అంది అత్తయ్య.

"బామ్మగారూ, మీకు ఇందాకే పని లేదు అని వేశానండీ."

"ఎవరు చెప్పారు లేదని? ఆ ఫ్యాన్లలో తీగ దూర్చే గాడుల్లో పెట్టే కాగితం ముక్కలు కత్తిరించేది ఎవరనుకున్నావ్. బుధవారం కూర్చున్నాను, గురువారం కూర్చున్నాను. కత్తెర పట్టి బొటనవేలు ఎలా కందిందో చూడు."

లెక్కలమ్మాయి నిజంగానే బొటనవేలు చూసింది. "మొత్తం ఎంతసేపు కూర్చుని ఉంటారండీ?"

"గంటన్నర. కావాలంటే రెండు వేసుకో."

"వారంలో ఒక్క గంట దాటితే చాలండీ, పనిచేస్తున్నట్టే లెక్క," అంటూ ఆ పిల్ల వెనక్కి వెళ్లి గడి మార్చింది.

"నానమ్మకి ఉద్యోగం వచ్చింది," అంది మా అమ్మాయి, జడ చివర రబ్బరు బ్యాండు పళ్లతో పట్టుకుని. "డెబ్బై ఆరేళ్లకి."

"ముందే ఉంది. ఇప్పుడు రాశారు," అంది అత్తయ్య. అని తిరిగి కొడుకు వంక చూసింది. "కూర్చోరా, నిలబడ్డావేం. కాళ్లు నొప్పెట్టవూ?" అంది, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు. ఆయన కూర్చున్నారు. ఆయన భుజాలు కదిలాయి, శబ్దం లేకుండా.

"అంతేనండీ. ఇంకేమైనా మిగిలిందా?" అడగాలి కాబట్టి అడిగింది లెక్కలమ్మాయి, సంచి జిప్పు లాగుతూ.

గోడ గడియారంలో అయిదూ పది అయింది. చేతులకి ఇంకా రాగి వాసన వేస్తోంది. "మీరు రాసుకోవాల్సింది ఏమీ లేదమ్మా, ఈ ఏడు రోజుల్లోది కాదు. మావాళ్లకి చెబుతున్నాను," అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు. "ఒకటో తారీఖు నుంచి నేను శిక్షణ కేంద్రంలో అమ్మాయిలకి వైండింగ్ నేర్పడానికి వెళుతున్నాను. పొద్దున తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా. ఆరింటికి మేడమ్ ఫోన్ చేస్తుంది, వస్తానని చెబుతాను." ఆయన తలెత్తి, ఏదో మోటారు శబ్దం వింటున్నట్టు చెవి కాస్త నా వైపు తిప్పి కూర్చున్నారు. ఆయన వైపు తిరిగి మిగతాది చెప్పాను. "షాపు మీరు ఎప్పటిలాగే తెరవండి. ఫ్యాన్లు తెచ్చినవాళ్లకి, చుట్టే మనిషి రెండింటికల్లా వస్తుందని చెప్పండి."